పట్టూ విడుపూ

పెట్రోలు ఇంజన్‌కు టర్బో తగిలించాలంటే ముందు దాన్ని మోసే ఎగ్జాస్ట్ మేనిఫోల్డు కావాలి. సిలిండర్ హెడ్డులోని నాలుగు రంధ్రాల్లోంచి తన్నుకొచ్చే పొగను నాలుగు గొట్టాలు అందుకుని, ఒక్క మూతి దగ్గర కలిపి, టర్బైన్ చక్రం మీదికి తోస్తాయి. చూడ్డానికి నాలుగు వంపు గొట్టాలు, రెండు మందపాటి పలకలు, అంతే. కానీ ఇంజన్ మీద బరువు పడ్డప్పుడు ఆ పొగ వేడి 900 డిగ్రీలు దాటగలదు. చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే స్టీలు ఎర్రగా వెలుగుతుంటుంది. ఇంజన్ ఆపాక చల్లబడుతుంది, మర్నాడు మళ్లీ అంత వేడీ ఎక్కుతుంది. దాని మీద అయిదారు కిలోల టర్బో వేలాడుతుంటుంది, పక్కన ఇంజన్ అదురుతుంటుంది.

ఇలాంటి వస్తువును నా చేత్తో నేనే చేసుకోవాలన్న కోరిక నన్ను టిగ్ వెల్డింగు వైపు తీసుకెళ్లింది. వెల్డింగంటే గట్టిగా అతకడమని, ఎంత గట్టిగా అతికితే అంత మంచి పని అని లోకం అనుకుంటుంది. మేనిఫోల్డు అంతకన్నా పెద్ద సంగతి నేర్పుతుంది. వేడిలో బతకాల్సిన వస్తువుకు పట్టు ఎంత అవసరమో విడుపూ అంతే అవసరం. ఎక్కడ పట్టాలో, ఎప్పుడు విడవాలో తెలియడంలోనే ఈ పనిలోని విద్యంతా ఉంది.

టర్బో ఆలోచన కొత్తదేం కాదు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే దాని మీద పేటెంటు తీసుకున్నాడు. ఇంజన్‌లో మండిన పెట్రోలు శక్తిలో దాదాపు మూడో వంతు పొగతో పాటే గాలిలో కలిసిపోతుంది. వృథాగా పోయే ఆ పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు రెండో కొసన ఉన్న ఇంకో చక్రంతో బయటి గాలిని కుదించి లోపలికి కుక్కితే, ఆ ఇంజనే ఎక్కువ పెట్రోలు మండించి ఎక్కువ బలం ఇస్తుంది. ఆ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతాయి. నా పాత ఎస్టీమ్ కారుది 1.3 లీటర్ల పెట్రోలు ఇంజన్. దానికి కంపెనీ టర్బో ఇవ్వలేదు, సరిపోయే మేనిఫోల్డు బజార్లో నాకు దొరకలేదు. కాబట్టి చేసుకోవాలి. అదీ రోడ్డు మీద తిప్పడానికి కాదు, మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ బండిని అలా మార్చనివ్వదు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే లాంటి ట్రాక్ మీద నడపాలని నా ఆశ.

నాకు టిగ్ వెల్డింగు నేర్పింది హైదరాబాద్ జీడిమెట్లలోని ఒక ఉస్తాద్. అక్కడి షెడ్లలో దీన్ని ఆర్గాన్ వెల్డింగు అంటారు. హైదరాబాద్ చుట్టూ మందుల ఫ్యాక్టరీలు లేచిన కొద్దీ, వాటిలో శుద్ధమైన నీళ్లు పారే స్టెయిన్‌లెస్ గొట్టాలను అతికే చేతులకు గిరాకీ పెరిగింది. ఆ గొట్టాల లోపలి వైపు అతుకు కాస్త గరుకుగా ఉన్నా సూక్ష్మజీవులు అక్కడ తిష్ఠ వేస్తాయి. అందుకని కంటికి కనిపించని వైపు కూడా నున్నగా రావాలి. ఉస్తాద్ చెయ్యి ఆ పనిలో తేరింది. నేను గీసుకెళ్లిన బొమ్మ చూసి, "కారుకు పెట్టేదైతే ఏంది తమ్మీ, మందుల పైపు లెక్కనే చేద్దాం" అన్నాడు.

ఈ వెల్డింగులో మనిషికి మూడు పనులు ఒకేసారి ఉంటాయి. కుడిచేతిలో టార్చి, ఎడమచేతిలో ఫిల్లర్ రాడ్డు, కాలికింద కరెంటు పెడలు. టార్చి మొనలో టంగ్‌స్టన్ పుల్ల ఉంటుంది. 3,422 డిగ్రీల దాకా కరగని లోహమది. 1,400 డిగ్రీలు దాటితే కరిగే స్టీలును కరిగిస్తూ తాను మాత్రం నిలుస్తుంది. పుల్లకూ గొట్టానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడంలో ఆర్క్ వెలుగుతుంది. ఎడం తగ్గి పుల్ల కరిగిన లోహాన్ని తాకితే మొన చెడుతుంది, మళ్లీ సానపట్టాలి. ఆ సాన గీతలు పుల్ల పొడవునా సాగాలి, అడ్డంగా పడితే ఆర్క్ నిలకడగా ఉండదు. ఎడం పెరిగిందా, వేడి పలచబడి చుట్టుపక్కలంతా కాగిపోతుంది, అతకాల్సిన చోటు మాత్రం కరగదు.

కొత్త చెయ్యి ఎవరిదైనా టార్చిని బిగించి పట్టుకుంటుంది. బిగించిన కొద్దీ వణుకు మొనకు చేరుతుంది. ఉస్తాద్ వెనకనుంచి వచ్చి నా మోచేతి కింద తన అరచెయ్యి పెట్టి, "గట్టిగ పడ్తె వణుకుతది. జర విడువు. బరువంత బల్ల మీద ఎయ్యి" అన్నాడు. మోచెయ్యి బల్లకు ఆనించి, చిటికెన వేలు పని పక్కన ఆసరాగా పెట్టి, మణికట్టు వదులు చేస్తే మొన నిలుస్తుంది. పెడలుదీ అదే తీరు. 2.77 మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టానికి మొదట 80, 90 ఆంపియర్లు కావాలి. చుట్టూ తిరుగుతున్న కొద్దీ గొట్టంలో వేడి పోగుపడుతుంది కనుక కాలు మెల్లగా పైకి లేస్తూ ఉండాలి. అతుకు కొసకు వచ్చాక ఠక్కున ఆపేస్తే, కరిగిన గుంట గడ్డకట్టేటప్పుడు నడిమధ్యన చిన్న పగులు పడుతుంది. కరెంటు కొద్దికొద్దిగా తగ్గిస్తూ గుంట నింపాలి. ఆర్క్ ఆరిపోయాక కూడా టార్చిని కాసేపు అక్కడే ఉంచాలి, ఎర్రదనం పోయేదాకా గాలి తగలకుండా టార్చిలోంచి వచ్చే ఆర్గాన్ గ్యాసు దాని మీద పారుతూనే ఉండాలి.

ఆ కరిగిన గుంటను దగ్గర్నుంచి చూడ్డం నాకు ఇప్పటికీ తనివి తీరని సంగతి. నల్లద్దంలోంచి చూస్తే మొదట రెండు గొట్టాల అంచులూ విడివిడిగా కరుగుతాయి. రెండు బొట్లు, మధ్యలో సన్నని నల్లగీత. ఉన్నట్టుండి ఆ రెండూ ఒకదాన్నొకటి లాక్కుని ఒక్కటవుతాయి, గీత మాయమవుతుంది. సరిగ్గా అప్పుడు ఫిల్లర్ కొసను గుంట ముందంచుకు తాకించాలి. ఆర్క్‌తో రాడ్డును కరిగించకూడదు, గుంట వేడే దాన్ని కరిగించి తనలోకి తీసుకోవాలి. తాకించి వెనక్కి తీయాలి కానీ గ్యాసు తెర దాటి తీయకూడదు. దాటితే ఎర్రటి కొసకు గాలి తగిలి పొర కడుతుంది, మళ్లీ తాకించినప్పుడు ఆ మురికి గుంటలో కలుస్తుంది. టార్చి కాస్త ముందుకు, రాడ్డు ఒక చుక్క, టార్చి కాస్త ముందుకు. లయ కుదిరాక చెవి కూడా పని చేయడం మొదలుపెడుతుంది. ఆర్క్ సన్నగా, ఒకే శ్రుతిలో మోగుతుంటే ఎడం సరిగ్గా ఉన్నట్టు.

ఈ వెల్డింగు పద్ధతిని అమెరికాలోని నార్త్‌రాప్ విమానాల కంపెనీలో రస్సెల్ మెరెడిత్ 1941లో రూపొందించాడు. మరుసటేడు పేటెంటు వచ్చింది. వాళ్లకు విమానాల కోసం మెగ్నీషియం అతకాల్సి వచ్చింది. వేడి మీద గాలి తగిలితే భగ్గుమనే లోహమది. టంగ్‌స్టన్ పుల్ల చుట్టూ హీలియం పారించి ఆయన గాలిని దూరంగా ఉంచాడు. తర్వాతి కాలంలో చాలాచోట్ల హీలియం స్థానంలోకి ఆర్గాన్ వచ్చింది. మనం పీల్చే గాలిలోనే అది ఒక శాతానికి కాస్త తక్కువగా ఉంది. గాలికన్నా దాదాపు 1.4 రెట్లు బరువు కనుక పని మీద నిలుస్తుంది. నిమిషానికి ఎనిమిది, పది లీటర్లు పారితే చాలు. కాపలా కదా, ఇంకాస్త ఎక్కువ వదిలితే మంచిదే అనిపిస్తుంది. కానీ జోరు మించితే గ్యాసు సుడి తిరిగి, ఏ గాలిని దూరంగా ఉంచాలో ఆ గాలినే లోపలికి లాక్కొస్తుంది. కాపలాకూ ఒక మోతాదుంది.

బయటి వైపు సరే, గొట్టం లోపలి మాటేమిటి? స్టెయిన్‌లెస్ స్టీలుకు ఆ పేరు తెచ్చేది అందులోని క్రోమియం. అతుకు వెనక వైపుకు వేడి మీద గాలి తగిలితే ఆ క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి నల్లటి గరుకు పలుకులుగా మారుతుంది. వెల్డర్లు దీన్ని షుగరింగ్ అంటారు. మేనిఫోల్డులో అది పగులుకు నాంది. పైగా అందులోంచి ఊడిన పలుకు తిన్నగా టర్బైన్ రెక్కల మీదికే పోతుంది. అందుకని గొట్టం రెండు కొసలూ ఫాయిల్ టేపుతో మూసి, కిందినుంచి సన్నని పైపుతో ఆర్గాన్ నింపుతారు. బరువైన ఆర్గాన్ అడుగునుంచి పైకి నిండుతూ గాలిని తోసేస్తుంది. ఉస్తాద్ పైకొస టేపులో చిన్న బెజ్జం పెట్టాడు. అంతా బిగించి మూసేస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది, అతుకు చుట్టు తిరిగి కలిసే ఆఖరి అర అంగుళంలో అది కరిగిన లోహాన్ని బయటికి ఊదేస్తుంది. "బందు జెయ్యాలె గని ఊపిరి ఆడనియ్యాలె" అన్నాడు. ఎంత పెద్ద మాటో ఆయనకు తెలుసో లేదో గానీ, ఈ పనినంతా నేను ఆ మాటతోనే అర్థం చేసుకున్నాను.

ఆర్క్ వెలిగే ముందు తుడవడం, గీకడం, మళ్లీ తుడవడం ఉంటుంది. అంచులు మెరిసేదాకా రుద్ది, అసిటోన్ గుడ్డతో నూనె జిడ్డు తీసేయాలి. గుడ్డనూ సీసానూ దూరంగా పెట్టి, అసిటోన్ పూర్తిగా ఆరాకే ఆర్క్ ముట్టించాలి. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్‌తో తుడిచి ఆర్క్ వెలిగిస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. కళ్లకు అద్దం, ఒంటికి నిండుచేతుల చొక్కా, షెడ్డులో గాలి ఆడే ఏర్పాటు లేకుండా ఈ పనికి దిగకూడదు.

గొట్టాలు కోసి, అంచులు వెలుగు దూరకుండా కలిపి, టాకాలు (నిలిపి ఉంచే చిన్న చిన్న అతుకులు) వేశాక అసలు పరీక్ష మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ మామూలు ఇనుము కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుంది, వేడిని మాత్రం దానిలో మూడో వంతే పంచుతుంది. పెట్టిన వేడి పెట్టిన చోటే కూర్చుంటుంది. అక్కడే లోహం ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది. ఒకే పక్క అతుక్కుంటూ పోతే మొత్తం పని ఆ పక్కకు గుంజుకుపోతుంది. 12 మిల్లీమీటర్ల పలకైనా వంగక తప్పదు. అందుకని స్క్రాప్ కొట్టులో పాత సిలిండర్ హెడ్డు ఒకటి కొనుక్కొచ్చి, పలకను దానికి అన్ని బోల్టులతో బిగించి, దాని మీదే అతుకు వేశాం. ఇక్కడ పట్టు నూటికి నూరు పాళ్లు. అతుకు మాత్రం ఒకే పక్క కాకుండా ఒకటో గొట్టానికి కొంత, నాలుగో దానికి కొంత, రెండో దానికి కొంత. చెయ్యి ఆనించగలిగేంత చల్లారాకే మళ్లీ టార్చి. అంతా అయ్యాక కూడా పూర్తిగా చల్లారనిదే బోల్టు మీద పానా పెట్టనివ్వలేదు ఉస్తాద్. తర్వాత పలక ముఖాన్ని మిల్లింగ్ మిషన్ మీద చదును చేయించాం.

ఇంత బిగించి తయారుచేసిన దాన్ని ఇంజన్‌కూ అలాగే బిగించేస్తే ఏమవుతుంది? లెక్క చిన్నదే. 30 సెంటీమీటర్ల స్టెయిన్‌లెస్‌ను 700 డిగ్రీలు వేడెక్కిస్తే మూడున్నర మిల్లీమీటర్లకు పైనే పెరుగుతుంది. పక్కనే నీళ్లతో చల్లబడే అల్యూమినియం హెడ్డు 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది కనుక అది పెరిగేది అర మిల్లీమీటరు. రెంటినీ బోల్టులు కలిపి పట్టుకున్నాయి. పెరగాల్సింది పెరగలేక తనలో తానే నలుగుతుంది. ఎర్రగా కాలి మెత్తబడి ఉంది కనుక ఆ నలుగుడు శాశ్వతంగా ఉండిపోతుంది. చల్లారేటప్పుడు పొట్టిదైన లోహం బోల్టుల మధ్య సాగదీతకు గురవుతుంది. మళ్లీ వేడి, మళ్లీ నలుగుడు, మళ్లీ సాగదీత. కొన్నాళ్లకు అతుకు పక్కన వెంట్రుకంత గీత కనిపిస్తుంది. అతుకు బలహీనమై వచ్చిన పగులు కాదది, కదలడానికి చోటు లేక వచ్చిన పగులు.

ఇక్కడ రైలు పట్టాలు గుర్తొస్తాయి. వెనకటి 13 మీటర్ల పట్టా ఎండకు 40 డిగ్రీలు వేడెక్కితే ఆరు మిల్లీమీటర్లు పెరుగుతుంది, అందుకే పట్టాకూ పట్టాకూ మధ్య సందు వదిలేవాళ్లు. ఇప్పుడు కిలోమీటర్ల పొడవున పట్టాలను అతికేసి, స్లీపర్లతో, కంకరతో కదలకుండా పట్టి ఉంచుతున్నారు. మరి అక్కడ పట్టే గెలిచింది కదా అనవచ్చు. గెలిచింది, ఎందుకంటే ఎండ వేడికి పుట్టే ఒత్తిడి ఆ ఉక్కు ఓర్చుకోగలిగిన దానిలో చిన్న వంతే. అక్కడా చివరలో జరగడానికి వీలిచ్చే ప్రత్యేకమైన జాయింటు పెడతారు. వేడి కొద్దిగా ఉన్నంతవరకు బిగించి పట్టుకోవడం పనిచేస్తుంది. వందల డిగ్రీల వేడిలో ఏ బోల్టూ ఏ అతుకూ లోహాన్ని ఆపలేదు. అక్కడ దారి ఇవ్వడం తప్ప వేరే దారి లేదు.

ఆ దారి ఎలా ఇస్తామంటే, అతుకు వేసేటప్పుడు ఒక్కటిగా ఉన్న పలకను, పని పూర్తయి ముఖం చదును చేశాక, గొట్టానికీ గొట్టానికీ మధ్య నిలువునా కోసేస్తాం. ఒక్క పలక నాలుగు పలకలవుతుంది. ఒక్కో దానికీ తన బోల్టులు, తన గాస్కెట్, తనకంటూ కదలిక. బోల్టు రంధ్రాలు కూడా బోల్టు కన్నా కాస్త వెడల్పుగా తొలుస్తాం. టర్బో బరువు గొట్టాల మీద పడకుండా ఇంజన్ బ్లాకునుంచి ఆసరా పెడతాం. టర్బో తర్వాతి పైపులో ముడతల బెలోస్ ఒకటి అతుకుతాం, ఇంజన్ అదురు అక్కడ ఆగిపోతుంది. స్టీలు ఎంపికలోనూ ముందుచూపు ఉండాలి. మామూలు 304 స్టీలు 425 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే అందులోని కార్బన్ క్రోమియాన్ని పట్టుకుని రేణువుల అంచుల్లో చేరుతుంది, ఆ అంచులు గుల్లబారతాయి. 321 రకంలో టైటానియం ఉండి కార్బన్‌ను ముందే కట్టిపడేస్తుంది. దాన్ని అతకడానికి 347 ఫిల్లర్ వాడతారు, ఎందుకంటే టైటానియం ఆర్క్ దాటేలోపే చాలావరకు కాలిపోతుంది, 347లోని నియోబియం నిలుస్తుంది. వెతికి వెతికి 321 బెండ్లే తెప్పించుకున్నాను.

నీటుగా అతికి, తళతళలాడుతున్న పలకను కట్టర్‌తో కోయడానికి చెయ్యి రాదు. అయినా కోయాలి. ఆ కోత దగ్గరే నాకీ పని పూర్తిగా అర్థమైంది. సందు మనం వదలకపోతే వేడే తనకు ఇష్టమైన చోట సందు చేసుకుంటుంది. అది చేసుకునే సందు పేరు పగులు. ఆ రెంటిలో ఏది కావాలో ఎంచుకునే వీలు మనకు ముందుగానే ఉంటుంది, తర్వాత ఉండదు.

మనుషుల మధ్య కట్టే బంధాల గురించి ఆలోచించినప్పుడు ఈ వరస నాకు చాలా నిజమనిపిస్తుంది. తయారయ్యే దశలో గట్టి పట్టు ఉండాలి. హద్దులు, క్రమం, ఓపిక, చల్లారేదాకా విప్పకుండా ఉండడం. వేడి తగిలే దశలో విడుపు ఉండాలి. మనం తరచూ దీన్ని తలకిందులు చేస్తాం. పిల్లలు, శిష్యులు, కింద పనిచేసేవాళ్లు తయారయ్యే రోజుల్లో పట్టించుకోకుండా వదిలేస్తాం. వాళ్లకు జీవితం సెగ తగిలి, కాస్త కదలడానికి చోటు కావలసిన రోజున బిగించి పట్టుకుంటాం. ఇల్లు, ఆఫీసు, స్నేహం ఎక్కడ విరిగినా అతుకు లోపమనే అంటాం. చాలాసార్లు అతుకు బాగానే ఉంటుంది, పక్కన సందు ఉండదు. ఉస్తాద్ షెడ్డులో నేర్చుకునే కుర్రాళ్లు ఉన్నారు. టాకాలు వేసేటప్పుడు ఆయన వాళ్ల భుజం మీదినుంచి తల పెట్టి చూస్తాడు, మిల్లీమీటరు తప్పినా కోయించి మళ్లీ కలిపిస్తాడు. అసలు అతుకు మొదలుపెట్టే వేళకు తను చాయ్ తాగడానికి వెళ్లిపోతాడు. ఆ వెళ్లిపోవడం కూడా ఆయన నేర్పే విధానంలో భాగమే. ఆ కుర్రాళ్ల చేతుల్లో నిలకడ చూస్తే అది ఎంత సరైనదో తెలుస్తుంది.

ఇది ఎవరైనా నేర్చుకోగల విద్య, నేర్చుకోవలసిన విద్య. ఐటీఐలలో వెల్డర్ కోర్సు ఏడాదిది. చదువు కుదరని పిల్లల దారి అని దాన్ని తక్కువ చేసి చూడడం మానుకోవాలి. లోహం ఎలా పెరుగుతుందో, ఎలా ముడుచుకుంటుందో, వాయువు ఎలా కాపు కాస్తుందో కళ్లతో, చేతులతో చదివే చదువది. మందుల ఫ్యాక్టరీ గొట్టమైనా, పాలకేంద్రం ట్యాంకైనా, కారు మేనిఫోల్డైనా ఆ చేతుల మీదే నడుస్తున్నాయి.

మేనిఫోల్డు ఎక్కించి మొదటిసారి ఇంజన్ వేడెక్కించాక ఇంకో పని మిగులుతుంది. పూర్తిగా చల్లారనిచ్చి, హెడ్డు దగ్గరి నట్లన్నీ మళ్లీ ఒకసారి చూడాలి. తొలి వేడికి గాస్కెట్ అణిగి, లోహం సర్దుకుని, కొన్ని నట్లు వదులవుతాయి. వాటిని చెప్పిన కొలతకు బిగించాలి, అంతకు మించి కాదు. ఏ బంధమూ ఒక్కసారి బిగించి మరిచిపోయేది కాదని, ప్రతి వేడి తర్వాతా దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టి చూసుకోవాల్సిందేనని నేను నమ్ముతున్నాను. ట్రాక్‌కు బయల్దేరే ముందు ఆ పని మాత్రం ఇంకొకరికి అప్పజెప్పను.